రాకాసి గుళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు



ఈమధ్య మన పిల్లల ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. వెనకాల భయం పుట్టించే మ్యూజిక్, తెర మీద పెద్ద పెద్ద బండలు, "ఇన్ని టన్నుల రాయిని ఆ కాలంలో అడవి మనుషులు ఎట్లా ఎత్తగలరు? ఇది మనుషుల పని కాదు, గ్రహాంతరవాసుల పని" అని చెప్పే ఒక గొంతు. వాటిలో కొన్ని ఇంకో అడుగు ముందుకు పోతాయి. చనిపోయినవాళ్ళు పోయే స్వర్గం అంటే నిజానికి వేరే గ్రహమట. దేవుళ్ళంటే అక్కడి నుంచి వచ్చిపోయినవాళ్ళట. సమాధుల మీద చెక్కిన బొమ్మలు రాకెట్లట. చూసినంతసేపు మజాగానే ఉంటుంది, కాదనం. కానీ ఆ బండలు ఎక్కడో ఈజిప్టులోనే కాదు, మన గోదావరి ఒడ్డున కూడా ఉన్నాయి గదా. అందుకే ఈ సంగతి వివరంగా రాద్దామనుకున్నాం.

సత్తుపల్లి నుంచి కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు దాటుకుంటూ పినపాక మండలానికి పోతే జానంపేట వస్తుంది. ఆ చుట్టుపక్కల అడవిలో, చేలల్లో, గుట్టల వాలుల్లో వందల కొద్దీ రాతి గదులున్నాయి. నాలుగు వైపులా నిలువు బండలు, పైన కప్పుగా ఒక పెద్ద పలక. కొన్నిటి లోపల ఒకే రాయిని తొలిచి చేసిన పొడుగాటి తొట్టి ఉంటుంది. పశువులకు కుడితి పోసే రాతి తొట్టి లాంటిదే, కాకపోతే మనిషి పట్టేంత. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వీటిని రాకాసి గుళ్ళు అంటారు. కొన్ని చోట్ల పాండవుల గుళ్ళు అంటారు. నది పైకి పోతే ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో దామరవాయి దగ్గర ఒకే గుట్ట మీద ఇట్లాంటివే వందకు పైగా కనబడతాయి. గుండాల మండలం దొంగతోగు వైపు మనిషి రూపంలో నిలబెట్టిన రాళ్ళున్నాయి. తల, భుజాలు తెలిసేట్టు చెక్కినవి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి చెందిన చరిత్ర ప్రొఫెసర్ కె.పి. రావు, ఆయన బృందం ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి తిరిగి వీటిని లోకానికి చూపించారు.

పండితులు వీటిని డోల్మెన్లు అంటారు, ఆ కాలాన్ని మెగాలిథిక్ యుగం అంటారు. తెలుగులో బృహత్ శిలాయుగం. పేరులో శిల ఉందిగానీ దక్షిణాదిలో ఇది ఇనుము యుగమే. సుమారు 3000 ఏళ్ళ కిందట మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా నడిచింది. ఈ కాలపు సమాధులను ఎక్కడ తవ్వినా దొరికేవి దాదాపు ఒకటే: ఎముకలు, నలుపు-ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, బల్లేలు, పూసలు. చనిపోయిన మనిషికి తిండి, పనిముట్టు, నగ ఇచ్చి సాగనంపారన్నమాట. ఆ గొడ్డలి చూస్తే మన ఇంట్లో చూరు కింద పెట్టుకునే గొడ్డలి గుర్తుకొస్తుంది. దాంట్లో అంతరిక్ష విద్య ఏమీ లేదు.

ఇక రాయి సంగతి. గోదావరి లోయలో ఉండేది ఎక్కువగా ఇసుకరాయి. అది పొరలు పొరలుగా ఉంటుంది. పొర దొరకబుచ్చుకుని మేకులు దిగ్గొడితే పలకలాగా లేస్తుంది. బండ మీద మంట పెట్టి నీళ్ళు చల్లి పగలగొట్టే పద్ధతి మన వడ్డెర కులపోళ్ళు నిన్నమొన్నటి దాకా చేసిందే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు, వాటి మధ్యలో ఉన్న బొగ్గుకు పెట్టిన పేరు గోండ్వానా. మన సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్‌లో సింగరేణి తీసే బొగ్గు కూడా ఆ గోండ్వానా పొరల్లోదే. దక్షిణ ధ్రువం దాకా పరుచుకున్న ఒక పాత ఖండానికి గోండుల నేల పేరు పెట్టుకున్నారు. ఆ నేల మీద నిలబెట్టిన రాళ్ళకు మాత్రం వేరే గ్రహం వాళ్ళ పేరు రాస్తామంటున్నారు.

ఎత్తడం ఎట్లా అంటే, ఎత్తలేదు, లాగారు. గుట్ట పైభాగంలోనే పలక లేపితే కిందికి దించుకుంటూ రావచ్చు. దుంగల మీద పెట్టి తాళ్ళతో లాగితే ఊరంతా కలిసి ఎంత బండనైనా కదిలిస్తారు. ఇది ఊహ కాదు. ఇండోనేషియాలోని సుంబా దీవిలో పెద్దమనిషి చనిపోతే వందల మంది చేరి సమాధి బండను పాటలు పాడుకుంటూ లాగే ఆచారాన్ని ఫొటోలు, వీడియోలు తీసి పెట్టారు. నాగా కొండల్లో అంగామీలు బండలు లాగడం బ్రిటిష్ కాలం నుంచి రికార్డులో ఉంది. మనకు దగ్గర్లో కోరాపుట్ వైపు గదబలు చనిపోయినవాళ్ళ పేరు మీద రాళ్ళు నిలబెడతారు. సుంబాలో పాట పాడుతూ బండ లాగేటోళ్ళను చూసి కూడా "మనుషులతో కాదు" అనేవాడు, మనుషుల వైపు చూడటమే మానేశాడని అర్థం.

ఈ మానేయడం కొత్తది కాదు. దానికి మన జానంపేట, కాటాపూర్ రాళ్ళే సాక్ష్యం.

1860ల్లో నిజాం రాజ్యంలో సర్వే పని మీద తిరిగిన ముల్హెరాన్ అనే అధికారి గోదావరి ఒడ్డున ఈ రాతి గదులు చూశాడు, ఫొటోలు తీశాడు. 1868లో ఆ సంగతి కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి చేరింది. కాటాపూర్ వైపు గదుల పక్కనే నిలువు రాళ్ళున్నాయి, ఒక్కొక్కటి నిలువెత్తు మనిషి కంటే పొడవు, రెండు పక్కలా చేతుల్లాగా చాచిన కొసలు. చూడటానికి శిలువలాగా ఉంటాయి. జేమ్స్ ఫెర్గూసన్ అనే ప్రసిద్ధ పండితుడు 1872లో ప్రపంచంలోని మోటు రాతి కట్టడాలన్నిటి మీద ఒక పెద్ద పుస్తకం వేసి అందులో ఈ కాటాపూర్ బొమ్మలు కూడా చేర్చాడు. శిలువ ఆకారం కనబడగానే ఆయన ఆలోచన నేరుగా క్రైస్తవుల మీదికి పోయింది. అంటే ఈ అడవిలో ఎప్పుడో బయటి నుంచి వచ్చిన క్రైస్తవ సమాజం ఉండి ఉంటుందని. ఆ తర్వాత పరిశోధకులు దగ్గరికి పోయి చూస్తే అవి శిలువలు కావు, మనిషి బొమ్మలు. పైన తల, పక్కలకు చేతులు. చనిపోయిన మనిషి రాయిగా నిలబడ్డాడు, అంతే.

ఫెర్గూసన్ మోసగాడు కాదు, చాలా కష్టపడ్డ మనిషి. అయినా ఆయనకు తోచిన మొదటి జవాబు "బయటివాళ్ళు" అనే. నూరేళ్ళ తర్వాత ఆ బయటివాళ్ళు ఇంకాస్త దూరం జరిగి చుక్కల్లోకి పోయారు. 1968లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎరిక్ ఫాన్ డానికెన్ జర్మన్ భాషలో ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లీషులో అది 'చారియట్స్ ఆఫ్ ది గాడ్స్' పేరుతో వచ్చి లక్షల కాపీలు అమ్ముడుపోయింది. పుస్తకం రాసే నాటికి ఆయన హోటల్ మేనేజర్. పిరమిడ్లు, ఈస్టర్ దీవి బొమ్మలు, పెరూ ఎడారిలో గీతలు, అన్నిటి వెనకా ఆకాశం నుంచి వచ్చినవాళ్ళున్నారని ఆయన వాదన. 2009-10 నుంచి అమెరికా టీవీలో నడుస్తున్న 'ఏన్షియెంట్ ఏలియన్స్' కార్యక్రమం ఆ పుస్తకం మనవడు. మన ఫోన్లలో తిరిగే తెలుగు వీడియోలు ఆ కార్యక్రమం మునిమనవళ్ళు.

ఫాన్ డానికెన్ ఎక్కువ పేరు తెచ్చుకున్న ఉదాహరణ ఒక సమాధి మూత. చావు గురించిన నమ్మకాన్ని వీళ్ళు ఏం చేస్తారో అందులో బాగా తెలుస్తుంది కాబట్టి అది చెప్పుకోవాలి. మెక్సికోలో పాలెంకే అనే చోట మాయా ప్రజలు కట్టిన గుడి ఉంది. 1952లో అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాని అడుగున ఒక రాజు సమాధి కనుగొన్నాడు. సమాధి మూత మీద ఒక మనిషి వెనక్కి వాలి, కాళ్ళు ముడుచుకుని ఉన్నట్టు చెక్కారు. చుట్టూ తీగలు, పక్షి, రకరకాల ఆకారాలు. ఆ బొమ్మను అడ్డంగా తిప్పి చూడండి, రాకెట్ నడుపుతున్న వ్యోమగామి కనబడతాడు అన్నాడు ఫాన్ డానికెన్.

ఇప్పుడు మాయా లిపి చదవగలుగుతున్నారు. ఆ రాజు పేరు పకాల్. చనిపోయింది క్రీస్తు శకం 683లో. మూత మీద నడుమ నిలబడిన 'రాకెట్' లోకానికి నడిమి స్తంభంలాంటి చెట్టు. రాజు చనిపోయి పాతాళం నోట్లోకి జారుతున్నాడు, అక్కడి నుంచి మొక్కజొన్న మొలకలాగా మళ్ళీ లేస్తాడు. విత్తనం మట్టిలో పడి చచ్చి మొలకెత్తినట్టు మనిషి కూడా తిరిగి వస్తాడన్న రైతు నమ్మకం అది. విత్తనాల పండుగ చేసుకునే మనకు ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంత లోతైన మాటను తీసి పక్కన పడేసి, దాని స్థానంలో ఒక ఇంజను పెట్టారు. ఆ మాయా ప్రజలు అంతరించిపోలేదు కూడా. లక్షల మంది ఇవ్వాళ్టికీ అక్కడే ఉన్నారు, ఆ భాషలు మాట్లాడుతున్నారు, మొక్కజొన్న వేసుకుంటున్నారు. వాళ్ళ తాతను వ్యోమగామి అనేముందు వాళ్ళను ఒక్క మాట అడిగినవాడు లేడు.

ఈస్టర్ దీవిది ఇంకా విచిత్రం. దాని అసలు పేరు రాపా నూయి. అక్కడి పెద్ద పెద్ద రాతి మనుషులు కూడా చనిపోయిన పెద్దల రూపాలే. ఊరి వైపు ముఖం పెట్టి ఊరిని కాపాడతారని నమ్మకం. గనిలో చెక్కిన బొమ్మలు సముద్రపు ఒడ్డుకు ఎట్లా వచ్చాయని అడిగితే ఆ దీవి ప్రజలు తరతరాలుగా చెప్పే మాట ఒకటే: నడిచి వచ్చాయి. పిచ్చి మాట అని నవ్వుకున్నారు. 1950ల్లో నార్వే యాత్రికుడు థోర్ హెయర్‌డాల్ అక్కడికి పోయినప్పుడు, పడిపోయి ఉన్న ఒక బొమ్మను స్థానికులు పన్నెండు మంది దాకా చేరి గడ్డపారల్లాంటి కర్రలతో ఎత్తుకుంటూ, కింద రాళ్ళు పేర్చుకుంటూ 18 రోజుల్లో నిలబెట్టి చూపించారు. ఇది జరిగిన పన్నెండేళ్ళకు వచ్చిన ఫాన్ డానికెన్ పుస్తకంలో అది మనుషులకు అసాధ్యం! తర్వాత 2012లో టెర్రీ హంట్, కార్ల్ లిపో అనే పరిశోధకులు 4 టన్నులకు పైగా బరువున్న నమూనా బొమ్మకు మూడు తాళ్ళు కట్టి, 18 మందితో అటూ ఇటూ ఊపుకుంటూ ముందుకు నడిపించారు. నిండు బీరువాను మూలల మీద తిప్పుకుంటూ జరుపుతాం చూడండి, అట్లా. అంటే నిజంగానే నడిచాయి. ముసలోళ్ళ మాటలో ఇంజనీరింగ్ ఉంది, వినేవాళ్ళకే ఓపిక లేదు.

ఇదంతా దూరపు గొడవ అనుకునేవాళ్ళకు పక్క రాష్ట్రం సంగతి చెబుతాం. భద్రాచలం దాటి బస్తర్ మీదుగా పైకి పోతే కాంకేర్ జిల్లా వస్తుంది. గోండు ప్రజల నేల. అక్కడ చారామా ప్రాంతంలో చందేలి, గోటిటోలా అనే ఊళ్ళ దగ్గర గుహల్లో పాత రంగుల బొమ్మలున్నాయి. 2014 జులైలో ఛత్తీస్‌గఢ్ పురావస్తు శాఖలోని ఒక అధికారి మాట మీద పేపర్లలో పెద్ద వార్త వచ్చింది: ఇవి 10,000 ఏళ్ళ నాటి బొమ్మలు, వీటిలో గ్రహాంతరవాసులు, ఎగిరే పళ్ళేలు ఉన్నట్టున్నాయి, నాసా, ఇస్రో సాయం అడుగుతాం అని. ముఖాల్లో ముక్కు, నోరు సరిగా లేవట. తల మీద యాంటెన్నాలాంటివి ఉన్నాయట. పూర్వం రోహెలా అనే పొట్టి మనుషులు గుండ్రటి వస్తువులో ఆకాశం నుంచి దిగి ఒకరిద్దరిని తీసుకుపోయారని ఊళ్ళో కథ కూడా ఉందట. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో 'ఇండియాలో ఏలియన్లు' అని వెతికితే ముందు వరసలో అదే.

మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. తల మీద రెండు కొమ్ములు, వాటి నడుమ నెమలి ఈకల కుచ్చు, ముఖం ముందు వేలాడే గవ్వల తెర, మెడలో పొడుగాటి డోలు. ఈ మనిషిని గుహ గోడ మీద ఎర్ర మట్టితో, వేలి కొసతో గీయమంటే ఏమొస్తుంది? ముక్కు, నోరు లేని ముఖం, తల మీద యాంటెన్నా, పొట్ట దగ్గర గుండ్రటి యంత్రం. మన భద్రాచలం దగ్గర కొమ్ముకోయ ఆట చూసినవాళ్ళెవరికైనా ఆ వేషం తెలుసు. బస్తర్‌లో అడవిదున్న కొమ్ముల మారియాల ఆట కూడా అదే కుటుంబం. ఆ బొమ్మలు కొమ్ముకోయలవే అని మేము పంతం పట్టడం లేదు. రంగు తీసి పరీక్షించి, పక్క బొమ్మలతో పోల్చి, ఆ ఊరి పెద్దలతో కూర్చుని తేల్చాల్సిన సంగతి అది. కానీ నాసాకు ఉత్తరం రాసే ముందు పక్క గూడెంలో ఆట చూడాలన్న ఆలోచన రాకపోవడం మాకు నొప్పిగా ఉంది. రోహెలా కథ కూడా అంతే. కథను కథగా గౌరవిద్దాం. రాకాసులు వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయిన కథలు మన దగ్గర మాత్రం లేవా? జానంపేట గదుల్ని రాకాసి గుళ్ళు అన్నది మన ఊళ్ళే గదా. పెద్దవి చూసి 'రాకాసి' అనడం తెలుగు అలవాటు, రాకాసి బొగ్గు అన్నట్టు. దాన్ని పట్టుకుని నిజంగా పది అడుగుల రాక్షసులు తిరిగారనడం ఎంత తప్పో, విమానాలు దిగాయనడం అంతే తప్పు.

అసలు మన నమ్మకంలో చచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు? ఆకాశంలోకి పోరు. ఈ వీడియోల వాదన మన దగ్గర పనికిరాకపోవడానికి పెద్ద కారణం ఇదే.

చనిపోయినవాళ్ళను ఆదిలాబాద్ గోండులు 'సనల్' అంటారు. బస్తర్ వైపు అదే మాట 'హనల్' అవుతుంది, ఇంకొన్ని చోట్ల 'అనల్'. ఒకటే మాట, ఊరు మారితే మొదటి అక్షరం పలచబడుతుంది. ఈ హనల్ ఉండేది ఊరి పొలిమేరలో, ఇంటి లోపలి మూలలో. 1930, 40ల్లో బస్తర్‌లో తిరిగి రాసిన గ్రిగ్సన్, వెరియర్ ఎల్విన్ పుస్తకాల్లో దీని వివరం ఉంది. మురియాల ఇంటి లోపలి గదిలో చనిపోయినవాళ్ళ కుండ ఉంటుంది. కొత్త పంట వస్తే ముందు వాళ్ళకు పెట్టి తర్వాతే మనుషులు తింటారు. ఊరి బయట దారి పక్కన వాళ్ళ పేరు మీద రాయి పాతుతారు. దాన్ని 'ఉరస్కల్' అంటారు. కల్ అంటే రాయి. పాతిన రాయి ఎదిగితే చనిపోయిన మనిషి సంతోషంగా ఉన్నట్టు, పెద్దల్లో కలిసినట్టు లెక్క. రాయి ఎదగడం! ఈ ఒక్క మాట ముందు ఎన్ని రాకెట్లు పెట్టినా మాకు దిగదుడుపే.

మన వైపు కోయల్లో కూడా కొత్తల పండుగనాడు ముందు పెద్దలకు పెట్టకుండా కొత్త గింజ నోట్లో వేసుకోం. 1870ల నుంచి దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల చావు పద్ధతి గురించి రాశాడు. ఆవునో ఎద్దునో కోసి, దాని తోక తీసి చనిపోయిన మనిషి చేతిలో పెడతారని. తర్వాత థర్స్‌టన్ 1909లో వేసిన కులాలు, తెగల పుస్తకాల్లోకి ఆ వివరం ఎక్కింది. ఆ తెల్లదొరకు అది మోటుగా కనబడింది. మనకు తెలుసు దాని అర్థం. పోయేవాడు ఒట్టి చేతులతో పోకూడదు, అవతల కూడా పశువు ఉండాలి, సేద్యం ఉండాలి. జానంపేట కాలపు సమాధుల్లో గొడ్డలి, కుండ పెట్టినవాళ్ళ మనసులో ఉన్నది కూడా దీనికి దూరం కాదు. చనిపోయినవాడు పని మానేయడు.

పెద్దల పేర్లు మరిచిపోకుండా చూసే పని డోలీలది. పడిగెలు విప్పి, డోలు కొట్టి, ఏ గట్టువాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో, ఎవరు ఎక్కడ ఒరిగారో రాత్రంతా చెబుతారు. ఆ కథల్లో దారులన్నీ నేల మీదివే. వాగు, గుట్ట, చెట్టు, కోట. మేడారం సంగతే చూడండి. సమ్మక్క తల్లి యుద్ధంలో దెబ్బ తిని చిలకలగుట్ట వైపు పోయి కనబడకుండా పోయింది. వెతికితే పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. తల్లి ఆకాశానికి ఎగిరిపోయిందని మనవాళ్ళు ఎవరూ అనరు. గుట్టలో ఉంది. రెండేళ్ళకోసారి మాఘ పున్నానికి గుట్ట దిగి గద్దె మీదికి వస్తుంది, మళ్ళీ గుట్టకే పోతుంది. మన చనిపోయినవాళ్ళకు అడ్రస్ ఉంది. ఆ అడ్రస్ నడిచి పోగలిగేంత దూరంలో ఉంది.

ఇంకో సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. జానంపేట రాతి గదులు కట్టింది నేరుగా కోయల ముత్తాతలేనని చెప్పే శాసనం ఏదీ లేదు. 2000 ఏళ్ళకు పైబడిన కాలం, ఎన్నో వలసలు జరిగిన నేల. ఏదో ఒక రాయి చూసి "ఇది మాదే, ఇంకెవరిదీ కాదు" అని మన పోస్టుల్లో కూడా కొందరు రాస్తున్నారు. అట్లా రాస్తే రేపు ఎవడో ఒక్క ప్రశ్న అడిగి మొత్తం కొట్టేస్తాడు. మనం గట్టిగా నిలబడి చెప్పగలిగింది వేరే. అవి మనుషులు మనుషుల కోసం కట్టుకున్నవి. చనిపోయినవాళ్ళను రాయితో నిలబెట్టే ఆ పద్ధతిని ఇవ్వాళ్టికీ ప్రాణంతో ఉంచుకున్నది గోండు, కోయ, మారియా, గదబ లాంటి మన జనాలే. కాబట్టి ఆ రాళ్ళ అర్థం తెలుసుకోవాలంటే చుక్కల వైపు కాదు, మన గూడేల వైపు రావాలి. ఇంత మాట చాలు, దీన్ని ఎవరూ కొట్టేయలేరు.

కట్టినవాళ్ళ పేరు చెరిపితే ఏమవుతుందో ఆఫ్రికాలో జరిగింది. గ్రేట్ జింబాబ్వే అని పెద్ద రాతి కోట ఉంది. 1871లో అక్కడికి పోయిన కార్ల్ మౌఖ్ అనే జర్మన్ దాన్ని షీబా రాణి కథకు ముడిపెట్టాడు. నల్లవాళ్ళు ఇట్లాంటిది కట్టలేరని వాళ్ళ నమ్మకం. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వి చూసి ఇది ఆఫ్రికా ప్రజలు కట్టిందేనని తేల్చారు. అయినా అక్కడి తెల్లవాళ్ళ ప్రభుత్వం 1970ల్లో కూడా ఆ మాట పుస్తకాల్లో, మ్యూజియంలో స్పష్టంగా రాయనివ్వలేదు. ఎందుకంటే కోట కట్టింది బయటివాళ్ళయితే నేల కూడా బయటివాళ్ళదే అనొచ్చు. 1980లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశం ఆ రాతి కోట పేరునే తన పేరుగా పెట్టుకుంది.

గ్రహాంతరవాసుల వీడియో చేసేవాడికి మన భూమి మీద ఆశ ఏమీ ఉండకపోవచ్చు, వ్యూస్ వస్తే చాలు. కానీ "ఇక్కడ పూర్వం ఎవరున్నారు?" అన్న ప్రశ్న మనకు కాలక్షేపం కాదు. పట్టా కాగితం అడిగే ప్రతి ఆఫీసులో అది ఎదురవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం ఒకసారి చదవండి. హక్కు రుజువు చేసుకోవడానికి ఏమేం సాక్ష్యాలు చూపించవచ్చో అందులో ఉంది. సర్కారు కాగితాలు, సర్వే మ్యాపులతో పాటు, పాతకాలం నుంచి ఉన్నామని చూపే బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా సాక్ష్యమే. క్లెయిమ్ పెట్టుకున్నవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. అంటే దారి పక్కన పాతిన తాత రాయి, దాన్ని ఎవరు ఎప్పుడు పాతారో చెప్పే అవ్వ మాట, రెండూ చట్టం ముందు చెల్లుతాయి. పోలవరం ముంపు కింద పోయే ఊళ్ళలో ఇళ్ళకు, చెట్లకు లెక్క కట్టారు. వేలేరుపాడు, కుకునూరు వైపు మన చుట్టాలను అడగండి, పెద్దల రాళ్ళకు ఎంత కట్టారో.

అందుకని సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పూట ఈ పని మీద పెట్టండి. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట, ములకలపల్లి వైపు గూడేలవాళ్ళు ముఖ్యంగా. ఊరి పెద్దమనిషినో, ఇంట్లో అవ్వనో వెంటబెట్టుకుని పొలిమేర దాకా నడవండి. ఏ రాయి ఎవరిది, ఏ గట్టువాళ్ళది, ఎవరి కొడుకు పాతాడు, ఆనాడు ఏం కోశారు, పక్కన ఏ చెట్టు ఉండేది, అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. వాళ్ళు కోయ భాషలో చెబితే కోయలోనే రాయండి, తెలుగు చేయాలని తొందరపడొద్దు. ఫోన్లో గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది. రాయిని కడగొద్దు, పసుపు-కుంకుమ తీయొద్దు, కదపొద్దు. రాసినదాన్ని గ్రామసభలో చదివించి తీర్మానంలో ఎక్కించమని అటవీ హక్కుల కమిటీవాళ్ళను అడగండి.

ఫొటోలు తీసినా చోటు పేరుతో, లొకేషన్‌తో బయట పెట్టొద్దు. గుప్త నిధుల కోసం రాత్రిపూట గడ్డపారలు పట్టుకుని తిరిగేవాళ్ళకు గ్రహాంతరవాసుల మీద నమ్మకం లేదు. బండ కింద ఏదో ఉందని మాత్రం గట్టి నమ్మకం.